మాగ్నెంటియస్, డెసెంటియస్ కంచు నాణేల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాగ్నెంటియస్ అంటే ఎవరు?

క్రీ.శ. 350 జనవరి 18న గాల్ దేశంలోని, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలోని, ఓటన్ పట్టణంలో మార్సెల్లినస్ అనే ఆర్థికాధికారి తన కొడుకు పుట్టినరోజు పేరిట విందు ఇచ్చాడు. విందు మధ్యలో లేచి వెళ్లిన మాగ్నెంటియస్ అనే సేనాని చక్రవర్తులు మాత్రమే ధరించే ఊదా వస్త్రాలతో తిరిగొచ్చాడు. సైన్యం అతని పక్షాన చేరింది. అప్పటి పశ్చిమ చక్రవర్తి కాన్‌స్టన్స్ పారిపోతూ పిరనీస్ కొండల దగ్గర హెలెనా అనే చోట పట్టుబడి హతమయ్యాడు. తూర్పున ఉన్న అతని అన్న రెండో కాన్‌స్టాంటియస్ ఈ సింహాసనాపహరణను ఒప్పుకోలేదు. 351 సెప్టెంబర్ 28న ముర్సా దగ్గర, అంటే నేటి క్రొయేషియాలోని ఓసియెక్ దగ్గర, ఇరువైపులా భారీ ప్రాణనష్టం జరిగిన యుద్ధంలో మాగ్నెంటియస్ ఓడాడు. 353 ఆగస్టులో లియోన్‌లో ప్రాణం తీసుకున్నాడు. సీజర్, అంటే ఉపచక్రవర్తి, హోదాలో ఉన్న అతని తమ్ముడు డెసెంటియస్ కొద్ది రోజులకే సాన్స్ పట్టణంలో ఉరేసుకున్నాడు.

మొత్తం మూడున్నరేళ్లు. ఈ కొద్ది కాలంలోనే టంకశాలలు విపరీతంగా కంచు కొట్టాయి. యుద్ధానికి జీతాలు కావాలి, జీతాలకు నాణేలు కావాలి.

ఇన్ని రోమన్ నాణేలుండగా వీటినే ఎందుకు సేకరించాలి?

రంగం చిన్నది, నాణేలు పుష్కలం. ముఖ్యమైన బొరుసు రకాలు నాలుగైదే, ప్రధాన టంకశాలలు ఆరే. మామూలు జీతగాడు కూడా కొన్నేళ్లలో సంతృప్తికరమైన సెట్ కూర్చుకోగలడు. నాణెం 22 నుంచి 28 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది కాబట్టి భూతద్దం లేకుండానే చాలావరకు చదవవచ్చు. ఇదే శతాబ్దం చివర్లో వచ్చిన గోరంత నాణేలతో ఈ సుఖం లేదు.

అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. ఈ నాణేలను కాలక్రమంలో పేర్చి తూకం వేస్తే ఒక ప్రభుత్వం ధీమాగా మొదలై, డబ్బుకు కటకటలాడి, ఆఖరి ప్రయత్నం చేసి కూలిపోవడం కళ్లకు కడుతుంది. అందుకే ఈ పేజీ అంతటా తూకం గురించి పదేపదే చెబుతాం.

ఏయే రకాలున్నాయి? ఎలా గుర్తుపట్టాలి?

మొదట వచ్చింది 'ఫెలిసిటాస్ రీపబ్లికే'. సైనిక దుస్తుల్లో నిలబడ్డ చక్రవర్తి ఒక చేతిలో చిన్న విజయదేవతను, రెండో చేతిలో క్రైస్తవ ధ్వజమైన లబారమ్‌ను పట్టుకుని ఉంటాడు. దీని తూకం సుమారు 5 గ్రాములు. లోహంలో కొద్దిపాటి వెండి కూడా కలిసి ఉండేది.

దానితో దాదాపు ఒకే కాలంలో వచ్చింది 'గ్లోరియా రోమనోరమ్'. గుర్రం మీద దూసుకొస్తున్న చక్రవర్తి, ఎదురుగా మోకాళ్ల మీద పడ్డ శత్రువు, కింద డాలు, విరిగిన ఈటె. అచ్చు చెక్కిన వాళ్ల పనితనం చూడాలంటే ఇదే చూడాలి. ఆమియెన్స్, ట్రియర్ నాణేల్లో గుర్రం ముందరి కాళ్లు గాలిలో లేచిన తీరు, శత్రువు చాచిన చేతులు స్పష్టంగా ఉన్న నాణెం దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

డెసెంటియస్ సీజర్ అయ్యాక 'విక్టోరియే' రకం వచ్చింది. ఇద్దరు విజయదేవతలు ఎదురెదురుగా నిలబడి ఒక దండను పట్టుకుని ఉంటారు. దండలో 'వోట్ 5, ముల్ట్ 10' అని రోమన్ అంకెల్లో రాసి ఉంటుంది. ఐదేళ్ల పాలనకు మొక్కు, పదేళ్లకు ఆశ అని దాని భావం. అన్నదమ్ములిద్దరి పేర్లతోనూ బోలెడు దొరికేది ఇదే, తూకం తగ్గడం మొదలైందీ ఇందులోనే. 4 గ్రాముల చుట్టుపక్కల, అంతకంటే తక్కువ కూడా కనిపిస్తాయి.

చివరిది పెద్ద కై-రో గుర్తున్న 'సాలస్ డొమినోరమ్'. దీనికి విడిగా ఒక ప్రశ్న కేటాయించాం.

వీటికి తోడు రోమ్, అక్విలేయా టంకశాలల్లో మాత్రమే కొట్టిన కొన్ని రకాలున్నాయి. తొలి సెట్ పూర్తయ్యే దాకా వాటి జోలికి పోనక్కర్లేదు.

పెద్ద కై-రో గుర్తున్న నాణెం ప్రత్యేకత ఏమిటి?

గ్రీకు అక్షరాలు కై, రో ఒకదాని మీద ఒకటి వేస్తే క్రీస్తు పేరుకు గుర్తు. అంతకుముందు కూడా అది నాణేల మీద చిన్నగా, జెండా మీదో శిరస్త్రాణం మీదో కనిపించేది. బొరుసు మొత్తాన్ని అదే ఆక్రమించడం, ఎడమవైపు ఆల్ఫా, కుడివైపు ఒమేగా నిలబడటం మాగ్నెంటియస్ నాణేలతోనే మొదలైంది. చుట్టూ రాత 'సాలస్ డీడీ ఎన్ఎన్ ఆగ్ ఎట్ సీజ్'. మన ప్రభువులైన ఆగస్టస్ (పెద్ద చక్రవర్తి), సీజర్ల క్షేమం అని అర్థం.

అతను మనస్ఫూర్తిగా క్రైస్తవుడా అంటే అనుమానమే. అతని హయాంలో అనుమతించిన రాత్రి బలులను 353లో కాన్‌స్టాంటియస్ మళ్లీ నిషేధించిన శాసనం మిగిలి ఉంది. కాన్‌స్టాంటియస్ క్రీస్తు తండ్రి దేవుడితో సమానుడు కాడనే ఏరియన్ శాఖను ఆదరించేవాడు. పశ్చిమంలో ఇద్దరూ సమానులనే నైసియా విశ్వాసాన్ని పట్టుకున్న క్రైస్తవులకు అది గిట్టదు. ముర్సా ఓటమి తర్వాత వాళ్ల మద్దతు కోసమే ఈ బొమ్మ వేశారన్నది మాకు సబబుగా తోచే వివరణ.

దీని తూకం ఒక పాఠం. తొలి విడత 8 గ్రాములు, ఆ పైన కూడా ఉంటుంది, వెడల్పు 26 నుంచి 28 మిల్లీమీటర్లు. పాత నాణేల మీద నమ్మకం పోయింది కాబట్టి పెద్ద నాణెంతో కొత్తగా మొదలుపెట్టారు. నెలలు గడిచేకొద్దీ అదే రకం 5 గ్రాములకు, ఇంకా కిందికి పడిపోయింది. బరువైనదొకటి, తేలికైనదొకటి పక్కపక్కన పెట్టుకోండి. ఈ సేకరణలో ఇంతకంటే మంచి జంట లేదు.

బొమ్మవైపు ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?

ఇద్దరికీ తల మీద ఏమీ ఉండదు. ఆ కాలంలో పెద్ద చక్రవర్తులు ముత్యాల పట్టీ కట్టుకునేవాళ్లు, ఖాళీ తల సీజర్లకే. మాగ్నెంటియస్ ఆగస్టస్ అయి ఉండి కూడా కంచు నాణేల మీద ఖాళీ తలతోనే ఉంటాడు. అందువల్ల కొత్తవాళ్లు అతన్ని కాన్‌స్టాంటియస్ గాలస్ అనే తూర్పు సీజర్‌తో కలగలిపేస్తారు. గాలస్ నాణేల్లో చాలావాటికి తల వెనక గ్రీకు డెల్టా ఉంటుంది, బొరుసు మీద గుర్రం నుంచి పడిపోతున్న శత్రువును పొడిచే సైనికుడుంటాడు. మాగ్నెంటియస్ నాణేల్లో చాలావాటికి తల వెనక ఇంగ్లిష్ 'ఎ' అక్షరం ఉంటుంది.

అన్నదమ్ముల మధ్య తేడా: మాగ్నెంటియస్‌కు నిండు బుగ్గలు, మెడ మీదికి దిగే జుట్టు, కవచం మీద కప్పుకున్న వస్త్రం. డెసెంటియస్ ముఖం సన్నం, ఎక్కువగా కవచం ఒక్కటే కనిపిస్తుంది. రాత చెరిగిపోయిన నాణెం మీద భుజం దగ్గర వస్త్రం మడత ఉందా లేదా చూడండి, సగం పని అయిపోతుంది. డెసెంటియస్ పేరు తర్వాత సాధారణంగా 'నోబ్ సీజ్' అని ఉంటుంది. 'ఫోర్ట్ సీజ్' అని ఉంటే అది కాస్త అరుదైన రాత, వదలకండి.

టంకశాల గుర్తు ఎక్కడుంటుంది?

బొరుసు అడుగున గీత కింద. టీఆర్‌పీ, టీఆర్ఎస్ అయితే ట్రియర్. ఏఎంబీ అయితే ఆమియెన్స్. చివర ఎల్‌జీ ఉంటే లియోన్. పీఏఆర్, ఎస్ఏఆర్ అయితే ఆర్ల్. ఏక్యూతో మొదలైతే అక్విలేయా. ఆర్ తర్వాత ఒక్క అక్షరమే ఉంటే రోమ్. పీ అంటే మొదటి కార్ఖానా, ఎస్ అంటే రెండోది, టీ అంటే మూడోది.

ఆమియెన్స్ మాగ్నెంటియస్ సొంత ఊరు. అక్కడ టంకశాల అతను తెరిచిందే, అతని తర్వాత కాన్‌స్టాంటియస్ 353లోనే మూసేశాడు. రోమన్ చరిత్రలో ఇంత తక్కువ కాలం పనిచేసిన అధికారిక టంకశాలలు కొన్నే. ఒకే ఒక్క నాణెం కొనగలిగితే ఏఎంబీ గుర్తున్నది కొనమని మా సలహా.

351లో సిసియా నగరం (నేటి క్రొయేషియాలోని సిసాక్) కొద్దికాలం అతని చేతిలోకొచ్చింది. అక్కడి నాణేలు చాలా అరుదు. ఎవరైనా చవకగా ఇస్తానంటే గుర్తు అక్షరాలను బాగా పెద్దగా తీసిన ఫొటో అడగండి. చెరిగిన గుర్తును సిసియా అని చదివి అమ్మేవాళ్లున్నారు.

తొలి సెట్‌కు ఎన్ని నాణేలు కావాలి?

ఆరు. మాగ్నెంటియస్ పేరుతో నాలుగు రకాలూ ఒక్కొక్కటి, డెసెంటియస్ పేరుతో విక్టోరియే ఒకటి, సాలస్ ఒకటి. ఈ ఆరూ కనీసం నాలుగు టంకశాలల నుంచి ఉండేలా చూసుకోండి.

ఏడోది వేసుకోవాలంటే ట్రియర్‌లో కాన్‌స్టాంటియస్ పేరుతో కొట్టిన 'సాలస్ ఆగ్ నోస్ట్రీ' వెతకండి. పెద్ద కై-రోనే, కానీ శత్రువు పేరుతో! పోమెనియస్ అనే వ్యక్తి నాయకత్వంలో ట్రియర్ ప్రజలు డెసెంటియస్‌కు కోట తలుపులు మూసేసి, అతని అన్న నాణెం బొమ్మనే తీసుకుని కాన్‌స్టాంటియస్ పేరు వేశారు. ఇది తేలిగ్గా దొరకదు, దొరికినా ధర ఎక్కువే.

తోటి అపహర్తల సంగతి?

350లోనే డాన్యూబ్ సైన్యం వెట్రానియో అనే ముసలి సేనానిని చక్రవర్తిని చేసింది. మార్చి 1 నుంచి డిసెంబర్ 25 దాకా ఉన్నాడు. గడ్డం, పూలదండ లాంటి లారెల్ కిరీటం అతని గుర్తులు. సిసియాలో కొట్టిన 'హోక్ సిగ్నో విక్టర్ ఎరిస్', అంటే ఈ గుర్తుతో నువ్వు గెలుస్తావు అన్న రాత ఉన్న నాణెం బాగా గిరాకీ ఉన్నది. రోమ్‌లో నెపోటియన్ అనే మరో అపహర్త ఒక నెల కూడా నిలవలేదు. అతని నాణేలు సామాన్యుడి జేబుకు అందవు.

తూకం, కొలతలు ఎలా తీయాలి?

0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు, ఒక వెర్నియర్ కాలిపర్ చాలు. త్రాసును ముందు దానితో వచ్చిన తూకపు బిళ్లతో సరిచూడండి, ఫ్యాన్ ఆపేయండి. గాలికి చివరి అంకె కుదురుగా ఉండదు. వెడల్పు రెండు దిశల్లో కొలిచి పెద్దది రాసుకోండి, ఎందుకంటే ఏ నాణెమూ సరిగ్గా గుండ్రంగా ఉండదు. తర్వాత బొమ్మ నిటారుగా ఉండేలా పట్టుకుని నిలువు అక్షం మీద తిప్పండి. బొరుసు పైభాగం గడియారంలో ఏ అంకె వైపు ఉందో అది డై (నాణెం కొట్టే అచ్చు) అక్షం.

తయారైన అంకెలను ఆర్ఐసీ (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్) అనే ప్రామాణిక జాబితా పుస్తకం ఎనిమిదో సంపుటంతో పోల్చాలి. 337 నుంచి 364 దాకా నాణేలన్నీ టంకశాలల వారీగా అందులో ఉన్నాయి. పుస్తకం కొనలేనివాళ్లకు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఓసీఆర్ఈ అనే ఉచిత ఆన్‌లైన్ జాబితా ఉంది.

నా నాణెం మరీ చిన్నగా, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. నకిలీయా?

కాకపోవచ్చు. గాల్, బ్రిటన్‌లలో ఆనాడే స్థానికులు విరివిగా అనుకరణలు కొట్టారు. కొన్ని అసలు సైజుకు దగ్గరగా ఉంటాయి, కొన్ని 10 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోయి ఉంటాయి. అక్షరాల స్థానంలో గీతలు, పుల్లల్లాంటి విజయదేవతలు, ఒమేగా తలకిందులు. ఇవి పురాతనమైనవే, వాటికి విడిగా అభిమానులున్నారు. మాకూ ఇష్టమే. చదువురాని చేతులు రాజు నాణేన్ని ఎలా చూశాయో వాటిలో తెలుస్తుంది. అసలు నాణెం ధరకు మాత్రం కొనకండి.

మరి ఈ కాలపు నకిలీలను ఎలా పట్టుకోవాలి?

ఎక్కువగా నకిలీ అయ్యేది పెద్ద కై-రో నాణెమే. క్రైస్తవ గుర్తు కోసం కొనేవాళ్లు ఎక్కువ, వాళ్లలో తూకం చూసేవాళ్లు తక్కువ.

మొదట అంచు చూడండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. అసలు నాణెం అంచు దెబ్బకు చిట్లి ఉండొచ్చు, కానీ అరగదీసినట్టు ఉండదు. తర్వాత అక్షరాల మూలలు. డైతో కొట్టిన అక్షరం మైదానం, అంటే బొమ్మా రాతా లేని ఖాళీ తలం, మీంచి నిట్టనిలువుగా లేస్తుంది. పోత అక్షరం కరిగిన మైనంలా వాలుతుంది, మధ్యలో సూది మొనంత గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. ఆ తర్వాత కవలలు: ఒకే చోట ఒకే పగులు, ఒకే గుంట ఉన్న రెండు నాణేలు వేలం ఆర్కైవుల్లో కనిపిస్తే రెండూ నమ్మదగినవి కావు.

పూర్తి నకిలీ కంటే ప్రమాదం చెక్కిన నాణెం. అరిగిన అసలు నాణేన్ని తీసుకుని జుట్టు, కై-రో అంచులు కొత్తగా చెక్కి, మైదానాన్ని నున్నగా గీకుతారు. పక్క నుంచి వెలుగు వేసి పదిరెట్ల భూతద్దంతో చూస్తే సమాంతర గీతలు దొరుకుతాయి. ఇసుక రంగు పూత మరో మాయ. గుంటల్లో లేత గోధుమ రంగు మట్టి, మిట్టల మీద నల్లటి మెరుపు చూడటానికి చాలా అందంగా ఉంటుంది. దూది పుల్లను అసిటోన్‌లో ముంచి ఒక మూల రుద్దండి. రంగు పుల్లకు అంటితే అది అతికించిన పూత. అసిటోన్ పాటినాను, అంటే కాలక్రమంలో లోహం మీద సహజంగా ఏర్పడిన రంగు పొరను, ఏమీ చేయదు. అది మంటకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి కిటికీ దగ్గర, పొయ్యికి దూరంగా వాడండి.

శుభ్రం చేయాలా?

చింతపండు, నిమ్మరసం, ఇత్తడి సామాన్లు తోమే పౌడర్ వద్దే వద్దు. మన ఇళ్లలో రాగి చెంబు తళతళలాడాలని తోముతాం. ఈ నాణేనికి ఆ ఆకుపచ్చ, గోధుమ పాటినాయే చర్మం, చివరి సన్నని వివరాలు దాని మందంలోనే మిగిలి ఉంటాయి. ఒక్కసారి ఆమ్లం తగిలితే గులాబీ రంగు చిల్లుల లోహం మిగులుతుంది, దాన్ని వెనక్కి తేలేం.

మట్టి మాత్రమే తీయాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి నీళ్లు మార్చండి. ఇంట్లో ఆర్ఓ నీళ్లలో లవణాలు మిగిలే ఉంటాయి, పనికిరావు. బ్యాటరీ షాపులో కొంటే సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అని ఉందో లేదో చదవండి, పక్కనే యాసిడ్ సీసాలూ ఉంటాయి. నానిన మట్టిని మెత్తటి టూత్ బ్రష్‌తో, వెదురు పుల్లతో తీయాలి. రాకపోతే మళ్లీ నానబెట్టాలి. సూదితో పొడిస్తే మట్టి కింద పాటినా కూడా పెచ్చులూడుతుంది.

లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. ఏం చేయాలి?

అదే కంచు తెగులు. నాణెంలోని క్లోరైడ్లు గాలిలో తేమతో, ఆక్సిజన్‌తో కలిసి లోహాన్ని తినేస్తుంటాయి. గట్టిగా, ముదురుగా ఉన్న ఆకుపచ్చ పాటినా కాదు ఇది. గోటితో తాకితే రాలేది, గీకినా కొన్ని రోజులకు మళ్లీ పుట్టేది. ముందు ఆ నాణేన్ని తీసి విడిగా పెట్టండి.

పొడిని వెదురు పుల్లతో తీసేసి, లీటర్ డిస్టిల్డ్ వాటర్‌లో చాకలి సోడా 25 గ్రాములు, తినే సోడా 25 గ్రాములు కలిపిన ద్రావణంలో నానబెట్టండి. వారానికోసారి ద్రావణం మార్చాలి, కొన్ని వారాలైనా పడుతుంది. పాటినా రంగు కొంచెం మారవచ్చు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో చాలాసార్లు కడిగి, అసిటోన్‌లో ముంచి తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. నెల రోజులు గమనించి, పొడి రాకపోతే మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా రాయవచ్చు. బెంజోట్రయజోల్ అనే రసాయనం ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ విషపూరితం. ఇంట్లో వాడొద్దు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో దాచడం ఎలా?

గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. తేమ 40 శాతం లోపల ఉండాలి. వర్షాకాలంలో జెల్ త్వరగా నిండిపోతుంది, రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గదిలో ఉంచితే చాలనుకోవద్దు. ఏసీ ఆపిన ప్రతిసారీ తేమ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. కొన్నేళ్లకు జిగురుగా మారి ఆమ్లం వదులుతాయి. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు మేలు. ప్లైవుడ్ సొరుగులు కూడా ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి, చెమట చేతుల్లో ఉప్పుంటుంది.

చట్టం ఏమంటుంది?

భారతదేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, ఏ దేశానిదైనా సరే. అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపలేరు. విదేశాల్లో కొని తెచ్చుకున్న మాగ్నెంటియస్ నాణెం తిరిగి బయటి వేలానికి పంపబోతే ఇదే అడ్డం వస్తుంది. బిల్లు, కొరియర్ పత్రాలు, కస్టమ్స్ రసీదు నాణెంతోపాటే దాచుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు మరో సంగతి. ఇటలీ, బల్గేరియాలతో అమెరికా చేసుకున్న ఒప్పందాల కింద కొన్ని రకాల ప్రాచీన నాణేల దిగుమతికి పత్రాలు కావాలి. పాత సేకరణ చరిత్ర రాసి ఇవ్వగల డీలర్ దగ్గరే కొనండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో మెటల్ డిటెక్టర్‌తో దొరికినవాటికి 1996 ట్రెజర్ చట్టం వర్తిస్తుంది.

ఇలాంటి నాణేలు మన నేలలో దొరుకుతాయా?

మనవైపు దొరికిన రోమన్ నాణేల్లో పేరున్నవి వేరే కాలానివి. నల్గొండ జిల్లాలో బయటపడ్డ, తొలి రోమన్ చక్రవర్తులైన అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు ఇంతకు మూడు వందల ఏళ్ల ముందువి. నాలుగు, ఐదు శతాబ్దాల చిన్న రాగి నాణేలు తమిళనాడులో, శ్రీలంకలో ఎక్కువగా దొరికాయి. మాగ్నెంటియస్ ఏలింది పశ్చిమాన్ని, ఇటు వర్తకం సాగింది తూర్పు రేవుల నుంచి. కాబట్టి 'మా పొలంలో దొరికింది' అని ఎవరైనా మాగ్నెంటియస్ నాణెం చూపిస్తే కొనకండి. నిజంగా పొలంలో ఏ పాత నాణెం దొరికినా, విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.

రికార్డు ఎలా రాసుకోవాలి?

ఒక్కో నాణేనికి ఒక చీటీ. పేరు, రకం, టంకశాల గుర్తు, తూకం, వెడల్పు, డై అక్షం, ఆర్ఐసీ సంఖ్య, ఎక్కడ ఎప్పుడు ఎంతకు కొన్నారు, అంతకుముందు ఎవరి సేకరణలో ఉంది. గుర్తులో అక్షరం చెరిగిపోయి ఉంటే ఊహించి నింపకుండా అక్కడ చుక్క పెట్టండి. యాసిడ్ లేని కాగితం మీద పెన్సిల్‌తో రాయడం మంచిది, ఇంకు తేమకు పాకుతుంది. ఫొటో తీసేటప్పుడు వెలుగు పై ఎడమ మూల నుంచి పడనివ్వండి, ఎదురుగా ఫ్లాష్ కొడితే అరిగిన అక్షరాలు మాయమైపోతాయి.